మందుతో అణగిన ఆకలి

వారమున కొకమారు పొట్టమీది చర్మము క్రింద గ్రుచ్చుకొనెడి ఒక సన్నని సూదిచేత మనుష్యుని ఆకలి చెప్పుకోదగినంతగా అణగిపోవు కాలము వచ్చినది. 2025 మార్చిలో టిర్జెపటైడ్ అను మందును, జూన్‌లో బరువు తగ్గించుటకై నిర్ణయింపబడిన మోతాదుతో సెమాగ్లుటైడ్ అను మందును మన దేశమున విక్రయమునకు వచ్చినవి. 2026 మార్చితో సెమాగ్లుటైడ్‌పై గల పేటెంటు గడువు తీరుటచే, ధనికుల ఇండ్లకే పరిమితమైన ఈ చికిత్స మధ్యతరగతివారి గడపకును చేరువగుచున్నది. నోరు కట్టుకొనుటను తపస్సులో ఒక భాగముగా ఎంచి, ఏకాదశినాడు పస్తుండి, కార్తికమాసమున నక్తములుండి, జిహ్వను జయించినవాడు సర్వేంద్రియములను జయించినవాడే యని తరతరములుగా నమ్మిన జాతికి ఈ మందును చూడగానే ఒక సందేహము కలుగుట సహజము. సూదితో సిద్ధించిన మితాహారము మితాహార మనిపించుకొనునా? ప్రయత్నము లేకుండ లభించిన నిగ్రహమునకు నిగ్రహమను పేరు చెల్లునా? ఈ ప్రశ్నను కొందరు నిందగాను, మరికొందరు ఆత్మనిందగాను అడుగుచున్నారు. రెండవవారి కొరకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదట మందు చేయు పనిని ఉన్నదున్నట్లుగా తెలిసికొనవలెను. మనము భుజించిన పిమ్మట చిన్నప్రేవుల కడపటి భాగమునందలి కొన్ని కణములు జి.ఎల్.పి-1 అను హార్మోనును రక్తములోనికి విడుచును. అది క్లోమగ్రంథిని ఇన్సులిన్ విడువుమని ప్రేరేపించును. జీర్ణాశయము ఖాళీయగు వేగమును తగ్గించును. ఇక చాలునను వార్తను మెదడునకు చేర్చును. అయితే ప్రకృతి ఈ దూతకిచ్చిన ఆయుస్సు రెండు మూడు నిమిషములు మాత్రమే. రక్తములోని ఒక ఎంజైము దానిని వెంటనే ఖండించివేయును. అమెరికా నైరుతి ఎడారులలో నివసించు గిలా మాన్‌స్టర్ అను విషపుబల్లి స్రావములో, 1990ల ఆరంభమున జాన్ ఎంగ్ అను వైద్యుడు కనుగొన్న యొక పదార్థము ఈ దూతవలెనే పనిచేయుచు, అంత త్వరగా నశింపక నిలుచునని తేలినది. దాని ననుసరించి పుట్టిన ఎక్సెనటైడ్ 2005లో మధుమేహమునకు మందైనది. ఆ మార్గముననే నడచిన పరిశోధకులు ఆ దూతయొక్క ప్రతిరూపమును క్రమక్రమముగా దీర్ఘాయువును చేసి, రక్తమున సగము తగ్గుటకే సుమారు ఒక వారము పట్టునట్టి సెమాగ్లుటైడ్‌ను సిద్ధపరచిరి. ఎడారిలో ఏడాదికి కొలదిమార్లు మాత్రమే భుజించి బ్రతుకు ఒక ప్రాణి దేహమునుండి మనుష్యుని అత్యాహారమునకు ఔషధము దొరకుట సృష్టిలోని విచిత్రములలో నొకటి.

2021లో ప్రకటింపబడిన ఒక పెద్ద పరీక్షలో 1,961 మంది పాల్గొనిరి. వారిని రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు సెమాగ్లుటైడ్‌ను, రెండవ వర్గమునకు మందులేని సూదిని ఇచ్చిరి. ఇరువర్గములకును ఆహారనియమమును, వ్యాయామమును సమానముగా ఉపదేశించిరి. 68 వారములు గడచునప్పటికి మందు పుచ్చుకొన్నవారి బరువు సగటున 14.9 శాతము తగ్గగా, పుచ్చుకొననివారి బరువు 2.4 శాతము మాత్రమే తగ్గినది. నీతిని గూర్చి ఆలోచించువారు ఈ రెండు అంకెల నడుమనున్న అంతరముచెంత కొంతసేపు నిలువవలెనని నా కోరిక. ఎవరు ఏ వర్గమున చేరవలెనో నిర్ణయించినది వారి శీలము కాదు, శ్రద్ధ కాదు, సంకల్పబలము కాదు. చీటీ వేసినట్లు యాదృచ్ఛికముగా జరిగిన విభజన మాత్రమే. ధీరులు, దుర్బలులు, సోమరులు, శ్రమించువారు రెండు వైపులను సమముగానే యుండిరి. విన్న ఉపదేశ మొక్కటే. అయినను ఒక వర్గము ఉపదేశమును ఆచరింపగలిగినది. రెండవది అంతగా ఆచరింపలేకపోయినది. మందు ఆపివేసిన యొక సంవత్సరములో, తగ్గిన బరువునందు మూడింట రెండుపాళ్ళు మరల వచ్చినదనియు తరువాత తేలినది. సూది ఆగిన దినముననే వారి శీలము క్షీణించినదని ఎవ్వరును అనజాలరు గదా. అట్లైనచో మనము ఇంతకాలము శీలమని పిలుచుచు వచ్చిన దానిలో ఎంతభాగము నిజముగా శీలము, ఎంతభాగము రక్తములో ప్రవహించు ఒక ద్రవ్యము?

ఈ ప్రశ్న ఆధునికులకే తోచినదని తలంపరాదు. చరకసంహిత సూత్రస్థానమున ఇరువదియొకటవ అధ్యాయము లోకముచే నిందింపబడు ఎనమండుగురిని గూర్చినది: మిక్కిలి పొడవైనవాడు, మిక్కిలి పొట్టివాడు, ఒడలెల్ల రోమములు గలవాడు, రోమములే లేనివాడు, మిక్కిలి నల్లనివాడు, మిక్కిలి తెల్లనివాడు, అతిస్థూలుడు, అతికృశుడు. ఈ పట్టికను కొంచెము పరికింపుడు. పొడవును, పొట్టితనమును, దేహచ్ఛాయను ఎవడును కోరి తెచ్చుకొనడు. స్థూలుడును కృశుడును వారి పంక్తిలోనే కూర్చుండినారు. చరకుడు అంతటితో ఆగలేదు. స్థూలునకు ఆకలి ఏల ఎక్కువగునని ప్రశ్నించుకొని, మేదస్సుచే మార్గములు నిరోధింపబడుటవలన వాయువు కోష్ఠమునందే సంచరించుచు జఠరాగ్నిని రగుల్కొల్పుననియు, అందుచే తిన్నది త్వరగా జీర్ణమై మరల మరల ఆహారాపేక్ష పుట్టుననియు వివరించినాడు. శాస్త్రపరిభాష నేటిది కాకపోవచ్చును. కాని తినుటవలన లావెక్కుట ఎంత నిజమో, లావెక్కిన దేహమే ఆకలిని పెంచుటయు అంత నిజమని ఆయన గ్రహించినాడు. అతిభోజనమును, వ్యాయామరాహిత్యమును, పగటినిద్రను ఆయన కారణములుగా చెప్పకపోలేదు; బీజస్వభావమునుగూడ వానితోపాటే లెక్కించినాడు. బుద్ధి చేయు తప్పగు ప్రజ్ఞాపరాధమును రోగమూలముగా పరిగణించిన ఆచార్యుడే ఈ మాటలను చెప్పుట గమనింపదగినది. ఆయన అపరాధమును మరువలేదు, దేహమును మరువలేదు.

ఆధునికశాస్త్రము దీనికి మరింత తీవ్రమైన నిదర్శనము చూపినది. 1994లో లెప్టిన్ అను హార్మోను కనుగొనబడినది. శరీరమున క్రొవ్వు చాలినంత యున్నదని మెదడునకు తెలుపునది ఇదియే. జన్మతః అది లేని పిల్లలను 1997లో కేంబ్రిడ్జి వైద్యులు గుర్తించిరి. ఆ పిల్లలు ఎంత తిన్నను తృప్తి నెరుగరు. తల్లిదండ్రులు దండించినను, తిండిని దాచినను ప్రయోజనముండదు. రెండేండ్లకు, అట్టి బాలికయొకతెకు లెప్టిన్‌ను సూదిద్వారా ఇచ్చుటచే ఆకలి శాంతించి, బరువు తగ్గుట ఆరంభించినదని వారు ప్రకటించిరి. ఆ పసిదానిని ఎవరైనను తిండిపోతని పిలిచియుండినచో, ఆ మాట ఎంతటి అన్యాయము! స్థూలకాయులలో బహుకొద్దిమందికే ఈ లోపముండునన్నది నిజమే. కాని ఆకలి అందరికిని ఒకే కొలతలో పంచిపెట్టబడలేదని చూపుటకు ఆ యొక్క బిడ్డ చాలును.

ఇక వేదాంతము మాట. వేదాంతులు షడూర్ములని ఆరు అలలను చెప్పుదురు. అందు ఆకలిదప్పులు ప్రాణమునకు సంబంధించినవి. శోకమోహములు మనస్సునకు సంబంధించినవి. జరామరణములు దేహమునకు సంబంధించినవి. పెద్దలు ఆకలిని మనస్సుయొక్క పద్దులో వ్రాయలేదన్నమాట. ముదిమి వచ్చినవానిని తప్పు చేసితివని మనము నిందింపము. ఆకలిగొన్నవానిని నిందించుటయు అట్టి తెలివితక్కువయే. ఈ విభాగమును చేతబట్టుకొని చూచినచో మన సందేహము చాలవరకు విడిపోవునని నేను మొదట తలంచితిని: మందు ప్రాణధర్మమును తాకును, నిగ్రహము మనోధర్మమునకు చెందినది, రెంటికిని తగవులేదు అని. అయితే మందు పుచ్చుకొన్నవారు చెప్పు అనుభవము ఈ సులభమైన గీతను దాటిపోవుచున్నది. కడుపాకలి తగ్గుటయే కాదు, ఎల్లవేళల తలలో మెదలుచుండెడి తిండి ధ్యాసయే అణగిపోయినదని వారిలో అనేకులు చెప్పుచున్నారు. ఉదయము లేచినది మొదలు ఏమి తినవలెను, తిన్నదెంత, మిగిలినదేమి యని లోపల సాగుచుండెడి గొణుగుడు ఆగిపోయినదట. అది కడుపు సంగతి కాదు, మనస్సు సంగతియే.

భగవద్గీత రెండవ అధ్యాయమున స్థితప్రజ్ఞుని వర్ణించుచు భగవానుడు చెప్పిన యొక విషయమిచట స్మరింపవలసియున్నది. నిరాహారుడైన దేహినుండి విషయములు మరలిపోవును గాని వానియందలి రసము మిగిలియుండును. పరతత్త్వమును దర్శించినపుడు మాత్రమే ఆ రసమును నివర్తించును అని దాని తాత్పర్యము. నోరు కట్టుకొన్నవారి అనుభవమంతయు ఇందే యున్నది. పళ్ళెమును ప్రక్కకు నెట్టవచ్చును; పళ్ళెమును గూర్చిన తలంపును నెట్టలేము. ఇప్పుడీ మందు ఆ క్రమమును తలక్రిందులు చేసినట్లు కనుపించుచున్నది. పరదర్శన మేమియు లేదు, సాధన లేదు. రసము మాత్రము సన్నగిల్లినది. కావుననే ఇది గీతావాక్యమునకు విరోధమని కొందరు తొందరపడుదురు. కాని శంకరులు ఆ శ్లోకమునకు భాష్యము వ్రాయుచు, రసమనగా నిచ్చట రాగమని వివరించిరి. రాగమనునది నాలుక తీపి మాత్రమే కాదు. ఇది నాకు కావలెను, దీనిచే నేను నిండుదును, ఇది లేక నేను లేను అనునట్టి పట్టుదల రాగము. ఆ పట్టు అన్నముపైనుండి సడలినంత మాత్రమున నశించినదనుకొనరాదు; అది వేరొక ఆలంబనమును వెదకుకొనగలదు. మందువలన తిండి యావ తగ్గినవాడే అద్దము ముందు గంటలకొలది నిలిచి, తగ్గిన నడుమును కొలుచుకొని, ఇంకను తగ్గవలెనని తహతహపడుట కలదు. వాని ఆకలి చల్లారినది, రాగము చల్లారలేదు. గీత చెప్పిన నివృత్తి ఇది కాదు; ఇదియే అదియని మందు పుచ్చుకొన్నవారును అనుట లేదు.

అట్లని ద్రవ్యముచేత మనస్సునకు శాంతి కలుగుట తక్కువరకమైనదని చెప్పుటకు నాకు నోరు రాదు. ఛాందోగ్యమున ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువును పదునైదు దినములు అన్నము మాని నీరుమాత్రము త్రాగియుండుమని ఆజ్ఞాపించినాడు. పదునారవ దినమున వేదములను చెప్పుమనగా ఆ కుర్రవానికి ఒక్కటియు స్ఫురించలేదు. అన్నము తిని వచ్చిన పిమ్మట అడిగినదెల్ల చెప్పినాడు. మనస్సు అన్నమయమని తండ్రి కొడుకునకు మాటతో కాక ప్రత్యక్షముగా తెలియజెప్పిన ఘట్టమిది. అన్నముచేత మనస్సు నిలిచినపుడు, ఔషధముచేత మనస్సు కుదుటపడుట ధర్మవిరుద్ధమెట్లగును? మన మనస్సు ఏనాడును ద్రవ్యసంబంధము లేక శుద్ధముగా, స్వతంత్రముగా నిలిచి యుండలేదు.

మరియొక విషయము చాలమంది ఆలోచింపరు. పుట్టుకతోనే మితమైన ఆకలి గలవాడు, ఎన్నడును కష్టపడకయే సన్నగా నుండువాడు, తాను జితేంద్రియుడనని తలంచును. లోకమును వానిని అట్లే గౌరవించును. వాడు జయించినదేమియు లేదు, వానికి శత్రువే ఎదురుకాలేదు. పెద్ద ఆకలితో పుట్టి, పది పర్యాయములు చేయి చాచబోయి తొమ్మిది పర్యాయములు వెనుకకు తీసికొన్న స్త్రీ, ఆ పదియవసారి ఓడిపోయినందుకై బంధువుల యెదుట మాటపడుచున్నది. దమమును సాధన చేసినది వీరిలో ఎవరు? నా దృష్టిలో ఆమెయే. ఆ తొమ్మిది జయములకు సాక్షులు లేరు. మందు ఆమెకు క్రొత్తగా పుణ్యమును కట్టబెట్టుట లేదు. సన్ననివానికి జన్మతో ఉచితముగా లభించినదానిని ఆమెకు కొంత ఆలస్యముగా, వెలకు ఇచ్చుచున్నది. దీనిని అడ్డదారి యనుటకు మనస్సెట్లు ఒప్పును?

బౌద్ధవాఙ్మయమున, సంయుత్తనికాయములో కోసలరాజైన ప్రసేనజిత్తు కథ యొకటి గలదు. ఆ రాజు కుంచెడన్నము తినెడివాడు. ఒకనాడు భుక్తాయాసముతో రొప్పుచు బుద్ధునియొద్దకు వచ్చి కూర్చుండెను. ఎరుకతో భుజించి మితము తెలిసినవానికి బాధలు తగ్గుననియు, వాడు మెల్లగా వృద్ధుడగుననియు, వాని ఆయుస్సు రక్షింపబడుననియు బుద్ధుడొక గాథను చెప్పెను. రాజు ఏమి చేసెనో చూడుడు. ఇక నేనే నిగ్రహించుకొందునని ప్రతిన పూనలేదు. తన వెనుక నిలిచియున్న సుదర్శనుడను యువకుని పిలిచి, ఆ గాథను కంఠస్థము చేసి ప్రతిదినము తన భోజనసమయమున చదువుమనియు, అందులకు దినమునకు నూరు కార్షాపణములు ఇత్తుననియు చెప్పెను. క్రమముగా రాజు భోజనము ఒక నాళికెడు అన్నమునకు దిగినది, దేహము తేలికయైనది. పిమ్మట ఆయన తన చేతితో తన ఒడలిని నిమురుకొనుచు, బుద్ధుడు తనకు ఇహపరములు రెంటను మేలు చేసెనని కృతజ్ఞతతో పలికెనట.

ఈ కథ నాకు మిక్కిలి ప్రియమైనది. రాజు తన సంకల్పము భోజనవేళకు నిలువదని ఎరిగినాడు. నిలువనిదానిని నమ్ముకొనక, వెలుపలినుండి ఒక కంఠమును, ధనమిచ్చి, నియమించుకొన్నాడు. ఇది నీ నిగ్రహము కాదు, సుదర్శనుని నిగ్రహమని ఆయనను ఎవరును ఆక్షేపింపలేదు, తథాగతుడును ఆక్షేపింపలేదు. అయితే సుదర్శనుని గాథకును మన సూదికిని గల భేదమును కప్పిపుచ్చరాదు. గాథ ఆకలిని తగ్గించలేదు, ఎరుకను పెంచినది. సూది ఆకలిని తగ్గించును. ఎరుకను తానై పెంచదు. ఆ రెండవ పనిని మనుష్యుడే చేసికొనవలెను, అందులకు మాత్రము మందు వీలు కల్పించును. ఎడతెగని కోరికతో పోరాడుటలోనే శక్తియంతయు వ్యయమైపోవువానికి తాను ఏల తినుచున్నాడో పరీక్షించుకొను తీరిక ఎక్కడిది? పోరు సద్దుమణిగిన తరువాత వాడు చూచినచో, తాను ఆకలికై తిన్నది కొంతయే యనియు, విసుగుచే, దుఃఖముచే, ఒంటరితనముచే, ఎవరో బలవంతపెట్టుటచే తిన్నది మిగిలినదంతయు ననియు తెలియవచ్చును.

మందు కల్పించు వీలును చెప్పితిని గనుక దాని వైద్యవిషయమును కొంత చెప్పక తప్పదు. ఈ మందులు అల్పమైన మోతాదుతో ఆరంభించి, నెలలతరబడి మెట్టుమెట్టుగా పెంచవలసినవి. వికారము, వాంతులు, మలబద్ధకము తరచుగా కలుగును. పిత్తాశయమున రాళ్ళు, అరుదుగా క్లోమగ్రంథి వాపు సంభవించును. థైరాయిడ్‌లో మెడుల్లరీ జాతి క్యాన్సరు తమకుగాని తమ కుటుంబమునగాని కలిగినవారు, గర్భవతులు వీనిని పుచ్చుకొనరాదు. తగ్గిన బరువులో క్రొవ్వు మాత్రమే కాక కండయు కొంత యుండును. కావున పప్పు, పెరుగు, గ్రుడ్డు, చేప మొదలైన మాంసకృత్తులుగల ఆహారమును, కండరములకు బలమిచ్చు వ్యాయామమును మందుతోపాటు సాగింపవలెను. తెల్లని అన్నమే కంచములో ముప్పాతిక నింపు మన తెలుగువారికి ఇది మరింత ముఖ్యము. తినునది సగమైనపుడు ఆ సగములో ఏమున్నదనునది రెండింతలు ముఖ్యమగును. మందుల దుకాణములో వైద్యుని చీటీ లేక కొని స్వయముగా గ్రుచ్చుకొనువారు పూర్వచరిత్రను ఎరుగవలెను. బరువు తగ్గించుటకై పూర్వము వాడిన ఫెన్‌ఫ్లూరమిన్ గుండె కవాటములను పాడుచేయుటచే 1997లో అమెరికాలో విరమింపబడినది. అట్టి మందే యైన సిబుట్రమిన్ గుండెపోటు, పక్షవాతముల భయముచే 2010లో పాశ్చాత్యదేశములలోను, మరుసటి ఏట మన దేశములోను నిలిపివేయబడినది. నేటి మందుల చరిత్ర అట్టిది కాదు. గుండెజబ్బును, అధికబరువును గల 17,604 మందిపై సాగి 2023లో ముగిసిన పరీక్షలో సెమాగ్లుటైడ్ గుండెపోటు మొదలగు ఉపద్రవములను 20 శాతము తగ్గించినది. అయినను పెండ్లిముహూర్తమునకు నాజూకుగా కనుపించుటకై ఆరోగ్యవంతురాలైన కన్యకు ఈ సూది వేయించు తల్లిదండ్రులు చికిత్స చేయించుట లేదు. బిడ్డ దేహమును సంబంధము చూడవచ్చినవారి కన్నులకు బలి యిచ్చుచున్నారు. ఈ విషయమున నాకు సందిగ్ధత లేదు.

వ్రతములను గూర్చి భక్తులు అడుగు ప్రశ్న మరింత సూక్ష్మమైనది. ఆకలియే లేనివాడు ఏకాదశినాడు ఉపవసించినచో అది ఉపవాసమగునా? రంజాన్ మాసమున రోజా ఉండు ముసల్మాను సోదరునికిని ఇదే ప్రశ్న. ఇన్సులిన్ గాని, చక్కెరను తగ్గించు కొన్ని మాత్రలు గాని ఈ మందుతో కలిపి వాడువారు ఉపవసించినచో రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును గనుక, వారు పురోహితునికంటె ముందు వైద్యుని అడుగవలెను. ఇక ధర్మము మాటకు వచ్చినచో, కఠోపనిషత్తు ఆరంభమున నచికేతుని తండ్రి యజ్ఞములో దానమిచ్చిన గోవులు గుర్తునకు వచ్చుచున్నవి. అవి నీరు త్రాగుట, గడ్డి మేయుట ముగించిన ముసలి ఆవులు. తనకు పనికిరానిదానిని ఆయన దానము చేసినాడు. ఆ బాలుని హృదయములో శ్రద్ధ ప్రవేశించి ప్రశ్న పుట్టినది అందువలననే. తినవలెననిపించని అన్నమును మానుట అట్టి దానమే యని నా అభిప్రాయము. వ్రతమును మానవలసిన పనిలేదు. దేహము శాంతించినవాడు తనకు నిజముగా ప్రియమైనదానిని దేనినైన ఆ దినమున సమర్పింపవచ్చును, కోపమును, పరనిందను, చేతినుండి దిగని ఫోనును.

అన్నమును నిందింపరాదని తైత్తిరీయము ఒక వ్రతముగా విధించినది. మందు పుచ్చుకొన్నవారిలో కొందరు, తిండి రుచింపకపోవుటచే, పూర్వము తాము ప్రేమించిన వంటకములను అసహ్యముతో చూడసాగుదురు. ఇది మందు చేయు హానులలో తూకమునకు అందనిది. మన ఇండ్లలో అన్నము ఆకలి తీర్చుటకు మాత్రమే కాదు, ప్రేమను తెలుపుటకును సాధనము. పండుగనాడు అమ్మమ్మ కొసరి కొసరి వడ్డించు బొబ్బట్టును ముట్టకుండ లేచిపోవుటకంటె, చిన్నముక్క త్రుంచి, నిదానముగా, ఆస్వాదించుచు తిని, బాగున్నదని చెప్పుట మంచిది. వడ్డించువారును రెండవమారు బలవంతపెట్టుట మానవలెను. సగమాకుతో లేచినవాడు తమ్ము నవమానించినాడని అనుకొనరాదు.

కడపట, మందు ఆపివేసినవారి సంగతి. వెల భరింపలేకయో, వికారము తాళలేకయో, బిడ్డను కనదలచియో మందు మానినవారికి ఆకలి మరల మేల్కొనును, బరువును చాలవరకు తిరిగి వచ్చును. అపుడే ఇంటిలో నాలుకలు లేచును: సూదితో తగ్గినది నిలుచునా, నోటికి అదుపుండవలెను గాని, అని. రక్తపోటు మాత్ర మానినపుడు రక్తపోటు పెరిగినవానిని ఎవరును శీలహీనుడనరు. మరల వైద్యునియొద్దకు తీసికొనిపోవుదురు. మందు మానిన స్త్రీకిని అదియే చేయవలెను. మందు మరల మొదలిడవలెనా, మోతాదు మార్చవలెనా, మందు లేకయే నిలువగల నడక, నిద్ర, భోజనవేళల నియమము ఎంతవరకు తోడ్పడునో వైద్యునితో కూర్చుండి తెలిసికొనవలెను. ఇంటివారు ఆమె కంచములోనికి తొంగిచూచుట మాని, సాయంకాలము ఆమెతోపాటు నడువవలెను.